సీమ కథలో దాచిన ఆధారం

నేను డిటెక్టివ్ నవలలు చదువుతాను. చిన్నప్పుడేదో చదివి, బుద్ధి వచ్చాక మానుకున్నవాణ్ణి కాదు, ఇప్పటికీ చదువుతాను. బొమ్మల కథలు చదువుతాను. టెలివిజన్‌లో నేరపరిశోధన సీరియల్ వస్తుంటే కంచం ముందు పెట్టుకొని కదలకుండా కూర్చుంటాను. ఇన్నేండ్లుగా మన సభలకు వస్తూ, వేదిక ఎక్కి సామాజిక వాస్తవికతను గురించి మాట్లాడుతూ, సంచీలోని షాడో నవలను మాత్రం ఎవరికంటా పడకుండా అడుగున దాచుకుంటూ వచ్చాను. ఇక దాచదలచుకోలేదు. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ఈమధ్య కర్నూలులో ఒక చిన్న సాహిత్యగోష్ఠి జరిగింది. రాయలసీమ కథ మీద ప్రసంగం. ప్రసంగం ముగిశాక డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు లేచి, "సార్, ఫ్యాక్షన్ సినిమాలను గురించి మన సంఘం ఏమంటుంది?" అని అడిగాడు. వేదిక మీది పెద్దలొకరు చిరునవ్వు నవ్వి, "అది చెత్త, నాయనా. చెత్తను గురించి చర్చ ఎందుకు?" అన్నారు. సభ నవ్వింది. కుర్రవాడు కూర్చున్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను.

సభ అయ్యాక టీ అంగడి దగ్గర ఆ కుర్రవాడే కనిపించాడు. వేసవి సెలవుల్లో పనికోసం హైదరాబాదు పోయి అద్దెగది కోసం తిరిగాడట. ఒక ఇంట్లో అంతా మాట్లాడుకున్నాక, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగారట. కర్నూలు అనగానే ఇంటాయన నవ్వుతూనే, "అమ్మో, బాంబులోళ్లా!" అన్నాడట. గది మరొకరికి ఇచ్చారు. ఆ ఇంటాయన కర్నూలు ఎన్నడూ చూసినవాడు కాడు. కర్నూలును ఆయనకు చూపించింది సినిమా. తన బతుకుకు తగిలిన దెబ్బను గురించి ఆ కుర్రవాడు మనల్ని అడిగాడు. మనం చెప్పిన జవాబు "చెత్త" అని. నా నవ్వుకు నేను సిగ్గుపడ్డాను.

కనుక, చెత్త అనే ఆ మాటనే ముందు కొంచెం పరీక్షిద్దాం.

మాది ప్రొద్దుటూరు దగ్గరి పల్లె. నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో ప్రొద్దుటూరు బస్‌స్టాండు పక్కన ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. పుస్తకానికి రోజుకు పావలా. అక్కడి నవలలు చాలావాటికి అట్టలు ఉండేవి కావు; మొదటి పేజీలు ఉండేవి కావు; కొన్నిటికి చివరి పేజీలూ ఉండేవి కావు. అప్పుడు హంతకుడెవరో మేమే తేల్చుకోవలసి వచ్చేది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు మాకు చుట్టాలైనది అక్కడే. మధుబాబు షాడోను కలుసుకున్నదీ అక్కడే. ఆ అంగడికి ఎవరు వచ్చేవారు? నూనె మిల్లు కూలీలు, బస్సు కండక్టర్లు, మిషను కుట్టి పొట్టపోసుకునే ఆడవాళ్లు, రాత్రి కావలివాళ్లు. మనం తీర్మానాల్లో "ప్రజలు" అని పిలిచేది వీళ్లనే. మన పుస్తకాలను మనమే ఒకరికొకరం బహూకరించుకుంటుండగా, వీళ్లు పావలా పెట్టి, చినిగిన పుస్తకాన్ని తెచ్చి, దీపం ముందు కూర్చొని చదివారు. దీన్ని పలాయనవాదం అని ఒక్క మాటలో తీసిపారేయడం సులువే. పన్నెండు గంటలు మిల్లులో ఒళ్లు విరిచుకున్నవాడు రెండు గంటలు పారిపోతే అతన్ని నిందించేముందు, దేనినుంచి పారిపోతున్నాడో అడగడం మన ధర్మం.

మన పెద్దలు ఇలాంటి సరుకును ముట్టుకునేవారు కారా? 1842–43లో పారిస్ పత్రిక ఒకదానిలో ఎజెన్ స్యూ అనే రచయిత "పారిస్ రహస్యాలు" అనే నవలను సీరియల్‌గా రాశాడు. దొంగలు, హంతకులు, చీకటి సందులు, మారువేషంలో తిరుగుతూ బీదలను ఉద్ధరించే ఒక రాజు. ఆనాటి థ్రిల్లరు అది. మార్క్సు దాన్ని చెత్తబుట్టలో వేయలేదు. 1845లో ఎంగెల్సుతో కలిసి వెలువరించిన "పవిత్ర కుటుంబం"లో ఆ నవలను పాత్ర తరువాత పాత్రగా పట్టుకొని, ఆ ఉద్ధారకుడి దయ వెనక ఉన్న దొరతనాన్ని విప్పి చూపాడు. ఫాసిస్టు జైలులో మగ్గుతున్న గ్రాంసీకి ఉన్న కాగితాలు కొద్ది. ఆ కాగితాల్లోనే సీరియల్ నవలలను, డిటెక్టివ్ కథలను జనం ఎందుకు ఎగబడి చదువుతారని ఆయన విచారించాడు. బ్రెహ్టు డిటెక్టివ్ నవలలకు అభిమాని. వాటిమీద వ్యాసం కూడా రాశాడు.

ఇక మన ఇంటి సంగతి. 1943లో తెనాలిలో మొదలైన అభ్యుదయ రచయితల ఉద్యమంలో ముఖ్యుడైన ఆరుద్ర "పలకల వెండి గ్లాసు" అనే డిటెక్టివ్ నవల రాశాడు. అందువల్ల "త్వమేవాహం"కు మైల పడలేదు. కడప జిల్లాలో పుట్టిన నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో మద్రాసులో "చందమామ" పెట్టాడు. ఆ పత్రికను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. మార్క్సిస్టు, విరసం వ్యవస్థాపకుల్లో ఒకడు. రాక్షసులు, మాంత్రికులు, శిథిలమైన కోటలు నిండిన ఆ పత్రిక సీరియళ్లను రాసిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా మనవంటి భావాలున్న మనిషే. "తోకచుక్క" మొదలుకొని ఎన్నో సీరియళ్లు రాసినా, తన పేరు పత్రికలో పడకుండానే దశాబ్దాలపాటు పనిచేసి, 2010లో కన్నుమూశాడు. కుటుంబరావు సాహిత్యాన్ని సంపుటాలుగా సంపాదకత్వం చేసినవాడు మన కడప జిల్లా కేతు విశ్వనాథరెడ్డి. ఇంత వారసత్వం ఉన్నవాళ్లం, ఒక కుర్రవాడు సినిమాను గురించి అడిగితే ఎందుకు ముక్కు మూసుకున్నాం?

ఇంతమాత్రాన అచ్చయిన ప్రతి థ్రిల్లరునూ నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. నిజమైన అభిమానికి ఉన్నంత కఠినత్వం విమర్శకుడికి ఉండదు. విమర్శకుడు చదవకుండా తిడతాడు. అభిమాని డబ్బులు పెట్టి, చివరిదాకా చదివి, మోసపోయానని తెలిశాక తిడతాడు. ఆ తిట్టుకు విలువ ఎక్కువ.

డిటెక్టివ్ కథకు కొన్ని ధర్మాలున్నాయి. రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత 1929లో పది సూత్రాలు చెప్పాడు. ఆయన వృత్తికి క్రైస్తవ మతాచార్యుడు. అయినా ఆయన సూత్రాల్లో ఒకటి: దయ్యాలూ దైవశక్తులూ కథలోకి రాగూడదు. మరొకటి: పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని వెంటనే పాఠకుడికి చూపాలి, దాచగూడదు. ఈ రెండు చాలు నాకు. నేరానికి కారణం ఈ లోకంలోనే ఉండాలి. ఆధారాలన్నీ మనముందు ఉండాలి. ఇంతకన్న భౌతికవాదమైన సాహిత్యసూత్రం మన ప్రణాళికల్లోనూ తక్కువే.

ఈ కొలతతోనే యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం"ను కొలవండి. పట్టుగా చదివించే నవల. నేనూ రాత్రంతా మేలుకొని చదివాను. కాని అందులో నేరానికి కారణం చేతబడి. చేతబడి నిజమే కాబోలునని పాఠకుడు వణకాలి. అంటే మొదటి సూత్రానికే గండికొట్టారు. రంగనాయకమ్మ దానిమీద "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని రాసినప్పుడు, నేను యండమూరి పాఠకుణ్ణై ఉండీ ఆమె పక్షమే వహించాను. ఆమె ఆ నవలను చదివి, దానిలోంచే తప్పు పట్టి చూపింది. "క్షుద్ర సాహిత్యం" అని ఒక ముద్ర తయారుచేసుకొని, తరువాత ఏ పుస్తకం కనబడితే దానిమీద గుద్దుకుంటూ పోయినవాళ్లు వేరు. కడప నుంచి 1968లో "సంవేదన" త్రైమాసికం నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి పేరును మనం సభలన్నిటా తలుచుకుంటాం. పుస్తకం తెరవకుండా తీర్పు చెప్పడం ఆయన దగ్గర నేర్చుకున్న విద్య కాదు.

నా షాడోనూ వదలను. గూఢచారి షాడో, గంగారాం, శ్రీకర్, వాళ్ల పైఅధికారి కులకర్ణి. వాళ్ల సాహసాలకు నేను ఈలలు వేశాను. కాని ఆ నవలల్లో ప్రమాదమెప్పుడూ దేశం బయటినుంచి వస్తుంది, ప్రభుత్వమెప్పుడూ నిర్దోషి. బొమ్మల కథల్లో ఫాంటమ్ సంగతి మరీ ఘోరం. 1936లో అమెరికాలో పుట్టిన ఈ ముసుగువీరుణ్ణి మనకు 1964 నుంచి ఇంద్రజాల్ కామిక్సు అందించింది. నల్లవాళ్ల అడవిలో కపాలం ఆకారపు గుహ, ఆ గుహలో తెల్లవాడు, తండ్రి తరువాత కొడుకు, తరాల తరబడి వంశపారంపర్యంగా న్యాయం చెబుతూ ఉంటాడు. అడవివాళ్లు డోలు కొట్టి అతని పేరు చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఆ బొమ్మలు చూసి నేను ముసుగు కుట్టించుకోబోయాను. పెద్దయ్యాక అర్థమైంది, ఆ కథలో నాకు దొరికే వేషం డోలు కొట్టేవాడిదేనని.

ఈ ఫాంటమ్ ముసుగు తీసి, తెల్లచొక్కా వేసుకొని, మీసం మెలేసి, ఒకనాడు మన సీమకు వచ్చాడు. అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

1997లో "ప్రేమించుకుందాం రా" కర్నూలు ముఠాను తెరమీదికి తెచ్చింది. 1999 సంక్రాంతికి వచ్చిన "సమరసింహారెడ్డి"తో అది మంచి లాభసాటి సరుకని తేలింది. 2001లో "నరసింహనాయుడు", 2002లో "ఆది", "ఇంద్ర". సుమోలు గాలిలోకి లేచాయి. 2003లో "ఒక్కడు" మన కొండారెడ్డి బురుజు ముందు నిలబడింది. విజయనగర కాలపు కోటలో మిగిలిన బురుజు అది. ఆంధ్ర రాష్ట్రానికి 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉన్న ఊరి గుర్తు. ఇప్పుడు దానిముందు నిలబడిన బయటివాడికి గుర్తొచ్చేది ఆ సినిమాలో దెబ్బలాట. 2023లో "వీరసింహారెడ్డి" వచ్చింది. కాలు శతాబ్దం గడిచినా కత్తి పదును తగ్గలేదు.

ఒక డిటెక్టివ్ నవల పాఠకుడిగా ఈ సినిమాల మీద నా ఫిర్యాదు రక్తం ఎక్కువైందని కాదు. మర్డర్లు లేకుంటే నాకూ నిద్రపట్టదు. నా ఫిర్యాదు ఒక్కటే: వీళ్లు ఆధారాలు దాచారు. ఇన్ని శవాలు చూపి, ఎందుకు చంపుకుంటున్నారని అడిగితే "వాళ్ల రక్తం అంతే, ఆ గడ్డ అంతే" అంటారు. పగ తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి కొడుకుకు రోగంలాగా అంటుకుంటుందట. ఇదీ చేతబడే. "తులసిదళం"లో దయ్యం ఏ పని చేస్తుందో, ఈ సినిమాల్లో "సీమ పౌరుషం" ఆ పనే చేస్తుంది. 2018లో వచ్చిన "అరవింద సమేత" మిగిలినవాటికన్న మంచి మనసున్న బొమ్మ. కత్తి దించమని చెప్పింది. ఆడవాళ్ల దుఃఖం వినిపించింది. అందుకు సంతోషించాను. కాని అందులోనూ రెండూళ్ల వైరానికి మూలం పేకాట దగ్గర పుట్టిన తగవు. పేకాట!

దాచిన ఆధారాలేవి? చరిత్ర తెరిస్తే కనబడతాయి. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. మన్రో కలెక్టరుగా వచ్చి ఎనభైమంది దాకా ఉన్న పాళెగాళ్లను అణచివేశాడు. వాళ్లకింద కత్తి పట్టి, ఆ కొలువుకు ఇనాము భూములనుభవించినవాళ్లు ఏమైపోయారు? ఆ భూముల తగాదా ముదిరి 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటైంది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. 1876–78 ధాత కరువు ఈ జిల్లాల్లో పల్లెలకు పల్లెలనే తుడిచిపెట్టింది. నీళ్లు లేని నేలలో భూమి ఒక్కదానివల్ల పెత్తనం నిలవదు. అందుకే పెత్తనం వేరే ఆదాయాలను వెతుక్కుంది. 1993లో నిషేధం వచ్చేదాకా సారాయి పాటలు. రోడ్ల పనులు, కాలువల పనులు, నాపరాతి గనులు. పాత కడప జిల్లా మంగంపేటలో ముగ్గురాయి ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద నిక్షేపాల్లో ఒకటి. చమురు బావులు తవ్వేచోట దాని పొడి కావాలి, కనుక సముద్రాలు దాటిపోతుంది. టెండరు వేసేరోజు ఎదుటివాడు రాకుండా చూడాలి. ఓటు వేసేరోజు ఎదుటి ఊరు కదలకుండా చూడాలి. దానికి మనుషులు కావాలి. ముఠా అంటే ఇది. బాలగోపాల్ మన ప్రాంతపు ముఠాలను గురించి రాసినప్పుడు ఈ కాంట్రాక్టుల, ఈ గనుల లెక్కనే విప్పాడు. పౌరుషం మాట ఎత్తలేదు.

ఇక శవాల లెక్క. సినిమాలో చచ్చేది నాయకుడి తండ్రి, నాయకుడి అన్న. పల్లెలో చచ్చేది ఎవరు? నాయకుడి జీపు వెనక నిలబడ్డ కూలి. రెండెకరాల మెట్ట చేను ఎండిపోయినవాడు. కేసులో ఇరుక్కొని, వాయిదాల ఖర్చుకు అదే నాయకుడి దగ్గర చేయి చాచేవాడు. వాని భార్య చెనిక్కాయ కాయలు కొట్టే కూలికి పోతుంది. వాని బిడ్డలు నా తరగతిలో కూర్చుంటారు. అలాంటి బిడ్డలకు నేను పాఠం చెప్పాను. "మా నాయన ఎవరికోసం సచ్చినాడు సార్?" అని వాళ్లలో ఒకడు అడిగాడు. డిటెక్టివ్ నవలలన్నిటికన్న పెద్ద ప్రశ్న అది. ఏ ఫ్యాక్షన్ సినిమాలోనూ ఆ ప్రశ్న వేసే పాత్ర లేదు. ఆ బిడ్డే మరుసటి ఏడు పాఠశాల వార్షికోత్సవంలో సినిమా డైలాగు చెప్పి, తొడ కొట్టి, చప్పట్లు కొట్టించుకున్నాడు. తన తండ్రిని చంపిన వ్యవస్థను వాడు అభినయించి చూపుతుంటే మేము మార్కులు వేశాం.

ఈ మోసం మనకే జరిగిందా? కాదు. 2010లో రాజమౌళి "మర్యాద రామన్న" తీశాడు. భూమి అమ్ముకోవడానికి సీమకు వచ్చిన అమాయకుడు శత్రువుల ఇంట్లోనే అతిథి అవుతాడు. గడప దాటేదాకా చంపరు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆ కథకు మూలం 1923లో బస్టర్ కీటన్ తీసిన "అవర్ హాస్పిటాలిటీ" అనే మూగచిత్రం. అందులో వెక్కిరించింది అమెరికాలో అపలాచియా కొండల్లోని హాట్‌ఫీల్డు, మెకాయ్ కుటుంబాల పగను. అంటే అమెరికా కొండవాళ్లకు కుట్టిన చొక్కా మనకు సరిగ్గా అతికింది! ఎందుకు అతికింది? ఆల్టినా వాలర్ అనే చరిత్రకారిణి 1988లో ఆ కుటుంబాల పగ మీద ఒక పుస్తకం రాసింది. కొండవాళ్లది పుట్టుకతో వచ్చిన రక్తదాహమనే కథను ఆమె ఒప్పుకోలేదు. కలప కోసం, బొగ్గు కోసం బయటి పెట్టుబడి ఆ లోయల్లోకి దిగుతున్న కాలంతో ఆ పగను కలిపి చదివింది. కొండవాళ్లు మొరటువాళ్లని పత్రికలు ఊదరకొడుతుండగా కొండ కింది బొగ్గు చేతులు మారింది. ఒక ప్రాంతాన్ని దోచుకోవాలంటే ముందు ఆ ప్రాంతపు మనుషులకు పగ తప్ప మరేమీ తెలియదని లోకాన్ని నమ్మించాలి. ఆ పని అక్కడ పత్రికలు చేశాయి, ఇక్కడ తెర చేస్తున్నది.

ఇప్పుడు శేషాచలం కొండలకు పోదాం. ఎర్రచందనం లోకంలో సహజంగా పెరిగేది ఈ తూర్పుకనుమల దక్షిణ భాగంలోనే. మన కడప, చిత్తూరు కొండల్లోనే ఎక్కువ. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో పోలీసులు ఇరవైమందిని కాల్చి చంపారు. తమిళనాడునుంచి కూలికి వచ్చినవాళ్లు వాళ్లు. ఆత్మరక్షణ కోసమని పోలీసులన్నారు; బూటకపు ఎన్‌కౌంటరని హక్కుల సంఘాలన్నాయి. ఆ దుంగలు కొనేవాడు, ఓడ ఎక్కించేవాడు ఆ ఇరవైమందిలో లేడు. 2021లో "పుష్ప" వచ్చింది. కూలివాడు నాయకుడు. నేను ఆశతో పోయాను, చెబుతున్నాను. ఎర్రచందనం నరికేవాని ఒళ్లు, చెమట, యాస తెరమీద చూసి సంతోషించాను. కాని కథ సగమయ్యేసరికి ఆ కూలి సిండికేటుకు అధిపతి కావడానికి బయలుదేరాడు. మిగిలిన కూలీలు అతని వెనక డోలు కొట్టేవాళ్లయ్యారు. మళ్లీ ఫాంటమే! 2024లో రెండో భాగం వచ్చింది. మూడోదీ ఉందని చివర చెప్పారు.

ఇదే ఇప్పుడు ఫ్రాంచైజీ అంటున్న వ్యాపారం. మన మాటల్లో చెప్పాలంటే గుత్త. ఒక పేరును, ఒక వేషాన్ని గుత్తకు తీసుకొని, ఏటా పాట పెంచుకుంటూ పోవడం. 1999లో నెదర్లాండ్సులో పుట్టిన ఆటను 2017లో తెలుగు టెలివిజన్‌లో "బిగ్ బాస్"గా నడిపించడమూ గుత్తే. వ్యాపారం సంగతి పక్కన పెట్టి, ఇది కథకు ఏం చేస్తుందో చూడండి. డిటెక్టివ్ నవల ముగియాలి. ఎవరు, ఎందుకు అన్నది చివరి పేజీలో తేలాలి. గుత్త కథ ముగియగూడదు. ముగిస్తే సరుకు అయిపోతుంది. నా తల్లి ఐదేండ్లపాటు, 2008 నుంచి 2013 దాకా, "మొగలిరేకులు" చూసింది. వెయ్యి భాగాలు దాటింది. ఆమెతోపాటు నేనూ చూశాను. మనుషులమీద ప్రేమ పుట్టింది. కాని ఒక చిక్కు విడిపోతే మరొక చిక్కు పడాలి, లేకుంటే రేపు ఏం చూపుతారు? పగ తీరకపోవడం వ్యాపారానికి అవసరమైనప్పుడు, పగకు కారణం వెతకడం నష్టదాయకమవుతుంది. కారణం తెలిస్తే దాన్ని మార్చవచ్చు. రక్తంలో ఉందంటే రెండో భాగం తీయవచ్చు.

థ్రిల్లరు ఇంతకుమించి ఏం చేయగలదని మీరడగవచ్చు. మార్క్సిస్టు ఆర్థికవేత్త ఎర్నెస్ట్ మాండెల్ 1984లో నేరకథ మీద ఒక పుస్తకమే రాశాడు. ఆయన అభిమానే, అయినా ఆ కథ బూర్జువా శాంతిభద్రతల కథేనని తేల్చాడు. చాలామట్టుకు నిజమే. కాని డాషియెల్ హామెట్‌ను చదవండి. ఆయన పింకర్టన్ కంపెనీలో డిటెక్టివ్‌గా కూలి చేసినవాడు. సమ్మెలను విరగ్గొట్టడానికి యజమానులు తెచ్చుకునే కంపెనీ అది, లోపలినుంచి చూశాడు. 1929లో "రెడ్ హార్వెస్ట్" అనే నవల వచ్చింది. ఒక గనుల పట్టణం. గని, బ్యాంకు, పత్రికలు అన్నీ ఒక ముసలి దొరవి. సమ్మెను అణచడానికి అతను గూండాలను తెచ్చాడు, సమ్మె అణగింది, గూండాలు పోలేదు, పట్టణాన్ని పంచుకున్నారు. నవలనిండా తుపాకులే. ఊపిరాడదు. కాని పుస్తకం మూసేసరికి ఇన్ని హత్యలకూ వేరు ఎక్కడుందో మనకు తెలుసు. ఆ హామెట్ తరువాత కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1951లో తోటివాళ్ల పేర్లు చెప్పనన్నందుకు జైలుకు పోయాడు. ఆ నవలలో పట్టణం పేరు మార్చి ఎర్రగుంట్ల అనో మంగంపేట అనో పెట్టి చూడండి. మనకు రాయవలసిన నవల అక్కడ కనబడుతుంది.

మనకు కథలకు కరువా? తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వందలమంది తలవంచుకొని వజ్రాలు వెతుకుతారు. దొరికినదాన్ని వ్యాపారి గుట్టుగా కొనుక్కుంటాడు. ఆ రాయి అసలు ధర దొరికినవానికి ఎన్నటికీ తెలియదు. కోసిగి, మంత్రాలయం పక్క పల్లెలు ఏటా సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోతాయి. బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. 1981లో శ్రీశైలం నీళ్లకోసం ఊళ్లకు ఊళ్లు లేపేశారు. నష్టపరిహారం ఎవరి చేతుల్లో ఎంత మిగిలింది? వీటిలో ప్రతిదీ ఒక మిస్టరీ. హంతకుడున్నాడు, ఆధారాలున్నాయి, పరిశోధకుడే లేడు. సీమ కథకులు ఈ నేల బాధను గొప్పగా రాశారు. కేతు "జప్తు" చదివినవాడు దాన్ని మరువలేడు. కాని ఆ పుస్తకాలు బస్‌స్టాండు అంగడికి చేరలేదు. అక్కడికి చేరే కథను తక్కువ పనిగా ఎంచి, ఆ మైదానాన్ని మనమే ఖాళీగా వదిలాం. తొడగొట్టేవాళ్లు వచ్చి నిండారు.

నేను కోరేది పెద్ద కార్యక్రమమేమీ కాదు. ప్రతి సంచికలో ఒక థ్రిల్లరునో, ఒక సీరియల్‌నో, ఒక ఫ్యాక్షన్ సినిమానో తీసుకొని, చివరిదాకా చదివి, చూసి, మార్క్సు స్యూను పట్టుకున్నట్లు పట్టుకొని విమర్శించాలి. మన పాఠశాలల్లో, కళాశాలల్లో, ఏ సినిమా చూసివచ్చిన పిల్లవాణ్ణయినా మూడు ప్రశ్నలు అడగాలి: ఎవరు చచ్చారు? ఎవరికి లాభించింది? కథ ఏ ఆధారాన్ని దాచింది? మన కథకుల్లో ఇద్దరు ముగ్గురైనా సిగ్గు విడిచి, హత్యతో మొదలై టెండరు కాగితం దగ్గర ముగిసే నవల రాయాలి. అది బస్‌స్టాండులో అమ్ముడుపోవాలి. అట్ట చినిగిపోయేదాకా చేతులు మారాలి.

గోష్ఠిలో నవ్వులపాలైన ఆ కుర్రవాడికి నా దగ్గరున్న "రెడ్ హార్వెస్ట్" ఇచ్చాను. నాలుగు రోజుల్లో చదివి తెచ్చాడు. "వీరసింహారెడ్డి" మీద వ్యాసం రాస్తున్నాడు. మూడుసార్లు చూశాడట, ఇష్టపడే చూశాడట. వచ్చే సంచికకు పంపుతానన్నాడు. సంపాదకులకు నా మనవి: తప్పులుంటే దిద్దండి, వాదం బలహీనంగా ఉంటే తిప్పి పంపండి. ఈసారి మాత్రం నవ్వకండి.